చేతిలో 50 వేలు, సెకండ్ హ్యాండ్ బండి: నల్లగొండ నుంచి ప్రాజెక్టు డైరీ

పని ఇదీ

బామ్మర్దికి నార్కట్‌పల్లిలో షిఫ్టు ఉద్యోగం దొరికింది. ఉండేది నల్లగొండలో, పానగల్ వైపు. రాత్రి షిఫ్టు దిగేసరికి బస్సు ఉంటుందన్న నమ్మకం లేదు, బండి తప్పదు. మామయ్య సర్దిచ్చింది 50 వేలు. అంతకు మించి ఒక్క రూపాయి కూడా అప్పు చేయొద్దని గట్టిగా చెప్పారు. అంటే బండి ధర, రిపేర్లు, ఇన్సూరెన్స్, పేరు మార్పిడి అన్నీ ఆ 50 వేలలోనే తేలాలి.

మన దగ్గర బండి కొన్నవాణ్ని అందరూ "ఎంతకు వడ్డది?" అని అడుగుతారు. ఆ తర్వాత నెలలోపు మెకానిక్ దగ్గర ఎంత పెట్టాడో ఎవరూ అడగరు. 38 వేలకే దొరికిందని సంబరపడి, ఆ బండికి ఇంకో 12 వేలు పోసినవాళ్లు నాకు తెలుసు. 45 వేలకు కొని ఆయిల్ మాత్రం మార్చుకుని హాయిగా తోలుకుంటున్నవాళ్లూ తెలుసు. రిపేరు లెక్క బండి పక్కన నిలబడ్డప్పుడే, బేరం నోట్లోంచి రాకముందే చేతిలో ఉండాలన్నది నా పట్టుదల. ఈసారి ఆ లెక్కను నోటుబుక్కులో పెట్టి, చివర్లో అసలు ఖర్చు పక్కన పెట్టి చూడాలనుకున్నా.

ముందు విడిభాగాల ధరలు

బండ్లు చూడక ముందే టౌన్‌లో స్పేర్ పార్ట్స్ దుకాణానికి వెళ్లాం. ఈ బడ్జెట్‌లో మాకు దొరికేది ఎక్కువగా స్ప్లెండర్, ప్యాషన్, షైన్, పాత పల్సర్. పల్లెపల్లెకీ విడిభాగం దొరికేది స్ప్లెండర్‌కే కాబట్టి దాని ధరలు ముందు రాసుకున్నా. కంపెనీ ఒరిజినల్ రేట్లు అడిగా. చైన్ స్ప్రాకెట్ కిట్ (చైన్, దాన్ని తిప్పే రెండు పళ్ల చక్రాలు) 1,250. క్లచ్ ప్లేట్లు 750. హ్యాండిల్ కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి గుండ్లు, కప్పులు) 420. ముందు షాకప్‌ల ఆయిల్ సీల్స్ జత 220, అందులో పోసే ఆయిల్ 160. వెనక టైరు 1,750, ట్యూబు 300. బ్యాటరీ 1,350. ఒక చక్రానికి బ్రేక్ షూలు 230. ఇంజిన్ ఆయిల్ 900 మిల్లీలీటర్ల డబ్బా 400, ఎయిర్ ఫిల్టర్ 150, ప్లగ్ 110.

లోకల్ మాల్ చాలా చవగ్గా ఉంది. బ్రేక్ షూలైతే సగం ధర కూడా లేవు. కానీ లెక్క ఒరిజినల్ రేట్ల మీదే వేసుకోవాలి. చవక చైన్ త్వరగా సాగి, దాంతోపాటు స్ప్రాకెట్ పళ్లనూ తినేస్తుంది. ఆ ఖర్చు మళ్లీ మన నెత్తినే.

అక్కడి నుంచి మాకు తెలిసిన మెకానిక్ అన్న షెడ్డుకి. ఏ పనికి ఎంత కూలి అని అడిగి ఒక్కొక్కటీ రాసుకున్నా. ముఖ్యంగా హాఫ్ ఇంజిన్ రేటు. ఇంజిన్ పై భాగాలైన హెడ్, బ్లాక్ దింపి బోరు కిట్ (సిలిండరు, పిస్టన్, రింగులు), వాల్వులు, టైమింగ్ చైన్ చూడటాన్ని హాఫ్ ఇంజిన్ అంటారు. ఇంజిన్ అడుగున పిస్టన్ తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ దాకా వెళ్తే ఫుల్ ఇంజిన్. స్ప్లెండర్ హాఫ్ ఇంజిన్‌కి బోరు కిట్ 3,000, టైమింగ్ చైన్ సామాను 850, వాల్వు పని 1,300, గాస్కెట్లు 250, కూలి 2,000. మొత్తం 7,400. పల్సర్ ఫుల్ ఇంజిన్‌కి 15 వేల దాకా అనుకొమ్మన్నాడు. చిన్న బండి లెక్కలో అన్నిటికంటే పెద్ద అంకెలు ఇవే, బండి బయటి నుంచి కనపడనివీ ఇవే.

నోటుబుక్కులో గళ్లు ఇలా గీసుకున్నా. కంటికి కనపడేది, కొన్న వారంలోనే చేయించాల్సింది "ఖాయం": పూర్తి ధర వేస్తా. అనుమానం ఉంది గానీ విప్పితే తప్ప తేలనిది "బహుశా": సగం ధర వేస్తా. ఇంజిన్ లోపలి సంగతి "తెరిస్తేగానీ తెలియదు": లక్షణాలను బట్టి హాఫ్ ఇంజిన్ ఖర్చులో కొంత వంతు వేస్తా. శబ్దం తేడాగా ఉండి పొగ లేకపోతే ఐదో వంతు, నీలం పొగ కనిపిస్తే పూర్తి. కాగితాలకు వేరే గడి. కాగితం బాగాలేని బండి కూడా రిపేరు ఉన్న బండేనని నా లెక్క.

మిర్యాలగూడ రోడ్డు, పల్సర్

బామ్మర్ది మనసంతా పల్సర్ మీదే. 150, 2017 బండి, 42 వేలు చెప్పారు. నల్ల పెయింటు తళతళలాడుతోంది.

ఫోన్‌లో ముందే ఒక మాట చెప్పా: "అన్నా, మేం వచ్చేదాక బండి స్టార్ట్ చెయ్యకుర్రి." వెళ్లగానే మొదట ఇంజిన్ మీద అరచెయ్యి పెట్టా. వెచ్చగా ఉంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కొన్ని జబ్బులు బయటపడతాయి. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ వదిలి ఆగిపోతే వాల్వ్ సీల్స్ పోయినట్టు. నడుస్తూ ఉండగా యాక్సిలరేటర్ ఇచ్చినకొద్దీ నీలం పొగ వస్తూనే ఉంటే రింగులు, బోరు అరిగినట్టు. చలి పొద్దున సైలెన్సర్ నుంచి కాసేపు వచ్చే తెల్లటి ఆవిరికి భయపడక్కర్లేదు. నల్ల పొగ అంటే పెట్రోలు ఎక్కువ పోతోందని, ఎక్కువగా కార్బొరేటర్‌తో, ఎయిర్ ఫిల్టర్‌తో తేలిపోతుంది. అంటే ఒక రంగు పొగ 200 రూపాయల పని, ఇంకో రంగు పొగ 15 వేల పని. వేడెక్కించిన బండి దగ్గర ఈ మొదటి పరీక్ష మన చేయి జారిపోయినట్టే.

ఇంకోలా చూశాం. అయిదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, వెనక బామ్మర్దిని నిలబెట్టి ఒక్కసారి యాక్సిలరేటర్ తిప్పా. నీలం పొగ గుప్పుమంది. ఆపి మళ్లీ ఇచ్చా, మళ్లీ వచ్చింది. ఇంజిన్ నుంచి ఎయిర్ ఫిల్టర్ డబ్బాకు వెళ్లే గొట్టం ఊడదీసి చూస్తే లోపల ఆయిల్ తడి. మీటర్ 31 వేలు చూపిస్తోంది. ఫుట్‌రెస్ట్ రబ్బర్లు మాత్రం గీతలు పోయి నున్నగా ఉన్నాయి, బ్రేక్ పెడల్ మీద గరుకే లేదు. ఆ మీటర్‌ను నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా అలాగే ఉంది. లోన్ కట్టేశామంటున్నారు, బాకీ లేదని కంపెనీ ఇచ్చే ఎన్వోసీ కాగితం మాత్రం చేతిలో లేదు. ఎన్వోసీ తెచ్చి, ఫారం 35 మీద ఫైనాన్సర్ సంతకం పెట్టించి ఆ పేరు తీయించేదాకా బండి మన పేరు మీదకు రాదు.

గడి పూర్తి చేశా: ఇంజిన్‌కే 15 వేలు. మిగతావి రాయకుండానే బండి 57 వేలకు చేరింది. "బావా, ఇంజన్ పని మెల్లగ చేయించుకుందాం గదా" అన్నాడు బామ్మర్ది. ఆయిల్ తాగే ఇంజిన్‌ను మెల్లగా అంటూ నడిపితే ఆయిల్ తగ్గిపోయి, అరుగుదల ఇంకా లోపలికి పాకుతుంది. వాడికి అది నోటుబుక్కులో అంకెలతో చూపించా. ఒప్పుకున్నాడు గానీ తిప్పర్తి దాకా మాట్లాడలేదు.

తిప్పర్తి దగ్గర పాల బండి

వచ్చే దారిలోనే ఒక స్ప్లెండర్ చూశాం. ఇంజిన్ శబ్దం చాలా బాగుంది, పొగ లేదు, 35 వేలే. పాలు పోసే అతనిది. రెండు వైపులా క్యాన్ల స్టాండు తీసేసి, ఆ జాగాలో కొత్త పెయింటు వేశారు. సీటు తీసి, వెనక షాకప్ పై బోల్టు చాసిస్‌కు తగిలే చోట ఫోన్ లైటు వేసి చూశా. పెయింటు కింద వెల్డింగ్ గట్టు చేతికి తగిలింది. దాని పక్కనే వెంట్రుకవాసి పగులు, కొత్త పెయింటును కూడా చీల్చుకుని వచ్చింది. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని అటూ ఇటూ ఊపితే ఆ చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ బుష్ దగ్గర టక్కుటక్కుమంది.

బుష్‌కు ధర వేయొచ్చు. పగిలి వెల్డింగ్ చేసిన చాసిస్‌కు నా నోటుబుక్కులో గడి లేదు. రాత్రి పదకొండింటికి హైవే మీద మా పిల్లవాడు తోలే బండి అది. ఇక అంకెల మాటే లేదు, నమస్తే పెట్టి వచ్చేశాం.

మన ఉమ్మడి జిల్లా బండ్ల గురించి ఇక్కడొక మాట రాసిపెడతా. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు తిరిగిన బండ్లలో నేను ఎక్కువగా చూసింది తుప్పు, బురద దెబ్బ. చైన్, చక్రాల బేరింగులు, బ్రేక్ డ్రమ్ములు, సైలెన్సర్ అడుగు. వరి మళ్ల గట్ల మీద తిరిగి, మోటారు దగ్గర నీళ్లతో కడుక్కున్న బండ్లవి. దేవరకొండ, మునుగోడు మెట్ట వైపు బండ్లకు తుప్పు తక్కువ, దుమ్ము ఎక్కువ. ఎయిర్ ఫిల్టర్ పట్టించుకోకపోతే ఆ ఎర్ర దుమ్ము సన్నగా లోపలికి పోయి బోరును, రింగులను అరగదీస్తుంది. ఆయకట్టు బండికి కింద వంగి చూడాలి, మెట్ట బండికి ఫిల్టర్ డబ్బా విప్పి చూడాలి.

చవక బండ్ల మీద ఒక చూపు

ఏపీ 24 నంబరు బండ్లు 15, 18 వేలకు చాలానే కనిపించాయి. ఏపీ 24 అంటే తెలంగాణ రాకముందు, 2014 జూన్‌కు ముందు రిజిస్టరైన నల్లగొండ బండి. కొత్త బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు చెల్లుతుంది. ఆ తర్వాత ఫారం 25 పెట్టి, బండిని తనిఖీకి చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి అయిదేళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి. 2011 బండి కొంటే ఆ ఖర్చూ తిరుగుడూ కొన్నవాడికే. పొలానికి వెళ్లిరావడానికి కొనేవాళ్లకు సరేగానీ రోజూ డ్యూటీకి వద్దనుకున్నాం.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (కొత్త పొగ నిబంధన) బండ్లకు కార్బొరేటర్ బదులు పెట్రోలు ఇంజెక్షన్, సెన్సర్లు ఉంటాయి. మైలేజీ, స్టార్టింగ్ బాగుంటాయి గానీ మా బడ్జెట్‌లో వచ్చేవి బాగా తిరిగినవే. కార్బొరేటర్ ఉన్న, అంతకు ముందరి బీఎస్-4 స్ప్లెండర్ దగ్గరే వెతుకులాట ఆపేశాం.

కిరాణా కాకా బండి

టౌన్‌లోనే దొరికింది. స్ప్లెండర్ ప్లస్, 2018 నవంబరు రిజిస్ట్రేషన్, టీఎస్ 05, ఒకే ఓనరు. కిరాణా కొట్టు పెద్దమనిషి, అందరూ కాకా అంటారు. మీటర్ 46 వేల చిల్లర. 44 వేలు చెప్పాడు. ఆదివారం పొద్దున్నే వెళ్లాం. ఇంజిన్ చల్లగా ఉంది, చెప్పిన మాట నిలబెట్టుకున్నాడు.

మీటర్ నమ్మొచ్చా అని ముందు చూశా. టైరు పక్కన చివర ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ముందు టైరు 1122, అంటే 2022లో పదకొండో వారంలో తయారైంది. వెనకది 3720. కొట్టుకీ మార్కెట్‌కీ తిరిగే బండికి ఏడేళ్లలో 46 వేలు, ముందొకటి వెనకొకటి టైరు మార్పు, ఫుట్‌రెస్ట్ అరుగుదల, అన్నీ ఒకదానికొకటి పొసిగాయి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆర్సీతో అంకె అంకె సరిచూశా. ఇంజిన్ నంబరూ అంతే.

కిక్ కొట్టాడు, రెండో కిక్కుకు అందుకుంది. పొగ లేదు. పై నుంచి టక టక శబ్దం మాత్రం వినిపించింది. టైమింగ్ చైన్ కావచ్చు, ట్యాపెట్లు (వాల్వులను నొక్కే భాగాలు) కావచ్చు. వేడెక్కాక శబ్దం పెరగలేదు. ఆయిల్ డిప్‌స్టిక్ తీస్తే నలుపుగా ఉన్నా మట్టానికి ఉంది. ఫిల్టర్ డబ్బాలో దుమ్ము ఉంది గానీ ఆయిల్ తడి లేదు. ఇది ఐదో వంతు కేసు.

చైన్ దగ్గర ఎక్కువసేపు కూర్చున్నా. వెనక స్ప్రాకెట్ చివరన చైన్ లింకును రెండు వేళ్లతో పట్టుకుని వెనక్కి లాగితే పంటి మీద నుంచి లేచి, సగం పన్ను కనిపించింది. గ్రీజు తుడిచి చూస్తే పళ్లు ఒకవైపుకు వంగి కొక్కెంలా ఉన్నాయి. చక్రం మెల్లగా తిప్పితే చైన్ ఒకచోట బిగుసుకుని, ఇంకోచోట వేలాడింది. ఇలా ఒకచోట బిగువు, ఒకచోట వదులు వస్తే అడ్జస్ట్ చేసి లాభం లేదు, చైన్, రెండు స్ప్రాకెట్లు మూడూ మార్చాల్సిందే. "చైన్ మొన్ననే గుంజి పెట్టించిన" అన్నాడు కాకా. నిజమే, అడ్జస్టర్ చివరి గీత దగ్గర ఉంది. ఇక గుంజడానికి జాగా లేదు.

ముందు షాకప్‌లు శుభ్రంగా తుడిచి, ముందు బ్రేక్ పట్టి పదిసార్లు అదిమా. కుడి రాడ్డు మీద సన్నటి ఆయిల్ చార వచ్చింది. సీల్ ఖాయం. బామ్మర్దిని వెనక కూర్చోబెట్టి ముందు చక్రం లేపి, హ్యాండిల్‌ను ఒక్క వేలితో నెడితే సరిగ్గా మధ్యలో ఆగినట్టు అనిపించింది. కోన్ సెట్ బహుశా. సెల్ఫ్ ఈడ్చింది. మల్టీమీటర్ పెడితే బ్యాటరీ 12.2 వోల్టులు, ఇంజిన్ ఆన్‌లో 14.1. చార్జింగ్ బాగుంది. కాకా ఎప్పుడూ కిక్కే కొడతాడు, చుట్టుపక్కలే తిరుగుతాడు కాబట్టి బ్యాటరీ నిజంగా పోయిందో, ఆకలి మీద ఉందో అక్కడ తేలదు. బహుశా. నాలుగో గేరులో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారి యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ శబ్దం ముందు, వేగం కొంచెం వెనక. క్లచ్ కూడా బహుశా. వెనక షాకప్‌లు మెత్తబడ్డాయి గానీ లీకు లేదు, ఆగొచ్చు.

ఇన్సూరెన్స్ ఉందని కాకా గట్టిగా నమ్ముతున్నాడు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్లకు అయిదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి ఇవ్వాలన్న నిబంధన వచ్చింది, ఆయన బండికీ అదే ఉంది. ఆ అయిదేళ్లు 2023 నవంబరుతోనే అయిపోయాయి. ఆ రోజుల్లో కొన్న చాలా బండ్ల పరిస్థితి ఇదే, ఓనర్లకే తెలియదు. 75 నుంచి 150 సీసీ బండికి థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్‌లో వచ్చిన రేటు ప్రకారం 714, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 843. ఈ-చలాన్లు చూస్తే హెల్మెట్ లేనివి కొన్ని పెండింగ్ ఉన్నాయి.

కొట్టు ముందు బల్ల మీదే లెక్క వేశా.

ఖాయం: చైన్ కిట్ కూలితో 1,450. వెనక టైరు, ట్యూబు, ఫిట్టింగు 2,150. షాకప్ సీల్స్, ఆయిల్, కూలి 730. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్, ప్లగ్ 660. వెనక బ్రేక్ షూలు కూలితో 300. మొత్తం 5,290.
బహుశా: కోన్ సెట్ 770, క్లచ్ ప్లేట్లు గాస్కెట్‌తో, కూలితో 1,160, బ్యాటరీ 1,350. మొత్తం 3,280, సగం 1,640.
తెరిస్తేగానీ తెలియదు: 7,400లో ఐదో వంతు, 1,480.
కాగితాలు: ఇన్సూరెన్స్ 843. పేరు మార్పిడి ఫీజులు, పొల్యూషన్, చిల్లర ఖర్చులకు 1,500. రౌండుగా 2,350.
అన్నీ కలిపి 10,760. 50 వేలలో అది తీసేస్తే బండికి ఇవ్వగలిగింది 39,240.

నోటుబుక్కు తిప్పి కాకాకే చూపించా. ఎక్కడా దాచలేదు, ఎక్కువ చేసీ రాయలేదు. చైన్ లింకు మళ్లీ లాగి చూపించా, టైరు మీద అరుగుదల గుర్తు చూపించా. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో వరుస చదివాడు. "క్లచ్ సగమెందుకు ఏసినవ్?" అని అడిగాడు. పోయిందని నేను ఖాయంగా చెప్పలేను కాబట్టి సగమే వేశానన్నా. ఆ మాట ఆయనకు నచ్చింది. "బిడ్డా, 40 చేస్కో" అన్నాడు. 39 వేలు, చలాన్లు ఆయనే కట్టేట్టు కుదిరింది. వేసినవన్నీ పూర్తి ధరకు వేసి బండిని తిట్టి ఉంటే ఆ ముసలాయన లేచి లోపలికి వెళ్లిపోయేవాడని నా గట్టి నమ్మకం.

అక్కడే పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30 మీద సంతకాలు, ఆధార్ జిరాక్సు తీసుకున్నాం. అమ్మకం కాగితం మీద తారీఖుతో పాటు టైం కూడా రాశాం. ఆ నిమిషం దాకా బండి బాధ్యత ఆయనది, తర్వాత మాది. ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోపు అమ్మినవాళ్లు, 30 రోజుల్లోపు కొన్నవాళ్లు రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఇన్సూరెన్స్ మాత్రం ఫోన్‌లో కట్టి, పాలసీ చేతికొచ్చాకే బండి తోలుకొచ్చాం.

షెడ్డులో

చైన్, టైరు, ఆయిల్, బ్రేకులు అనుకున్న ధరకే అయ్యాయి. పాత ఆయిల్‌ను తెల్లటి గిన్నెలోకి దింపి ఎండలో చూశాం. మెరిసే పొడి ఏమీ లేదు. నాకు అప్పటిదాకా ఉన్న టెన్షన్ సగం అక్కడే తీరింది.

వెనక చక్రం విప్పగానే బేరింగు వేలితో తిప్పితే గరగరమంది. లెక్కలో లేనిది. జత బేరింగులు, కూలి కలిపి 340.

కుడి షాకప్ రాడ్డు బయటకు తీసి గోరుతో పైనుంచి కిందికి గీస్తే, సీల్ నడిచే చోటే తుప్పు గుంట తగిలింది. ఎమరీ కాగితంతో రుద్ది వేద్దామా అని అడిగాడు మెకానిక్ అన్న. గుంట అంచు కొత్త సీల్‌ను మళ్లీ కోసేస్తుంది, ఆయిల్ కిందికి జారి బ్రేక్ డ్రమ్ములోకి పోతే ఇంకా ప్రమాదం. కొత్త రాడ్డు 850. ఇదీ లెక్కలో లేదు.

కోన్ సెట్ విప్పితే కింది కప్పులో గుండ్లు కూర్చున్న చోటల్లా చిన్న చిన్న గుంటలు. మధ్యలో హ్యాండిల్ ఆగడానికి కారణం అదే. 770 పడింది.

క్లచ్ ప్లేట్లు మార్చే పని రాలేదు. క్లచ్ కేబుల్ లోపల పోగులు తెగి, లివర్ పూర్తిగా వెనక్కి రావడం లేదు. అంటే క్లచ్ ఎప్పుడూ కొంచెం నొక్కి పట్టినట్టే ఉంది. కొత్త కేబుల్ వేసి ఖాళీ సరిచేశాక నాలుగో గేరులో మళ్లీ చూశాం, జారుడు లేదు. 200తో పోయింది. బ్యాటరీని రాత్రంతా చార్జింగ్ పెట్టి, తీసి ఇంకో రాత్రి ఊరికే ఉంచితే 12.6 దగ్గర నిలబడింది. ఎర్త్ వైరు బోల్టు దగ్గర తెల్లగా పట్టిన పొడి గీకి బిగించాక సెల్ఫ్ గట్టిగా తిరిగింది. ఖర్చు లేదు.

టక టక శబ్దానికి మెకానిక్ అన్న తొందరపడి ఇంజిన్ తెరవలేదు, అందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ట్యాపెట్ మూతలు తీసి, సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు పెడితే, ఎగ్జాస్ట్ వైపు ఖాళీ ఎక్కువుంది. సరిచేశాక శబ్దం దాదాపు పోయింది. కూలి 150. కార్బొరేటర్ శుభ్రం చేయడానికి ఇంకో 200.

లెక్క కలిపితే

వేసుకున్నది (కాగితాలు కాకుండా): 5,290 + 1,640 + 1,480 = 8,410.
అయినది: చైన్ 1,450, టైరు 2,150, షాకప్‌లు రాడ్డుతో 1,580, ఆయిల్ వగైరా 660, బ్రేకులు 300, కోన్ సెట్ 770, క్లచ్ కేబుల్ 200, ట్యాపెట్లు 150, బేరింగులు 340, కార్బొరేటర్ 200. మొత్తం 7,800.

విడివిడిగా చూస్తే వరుసలు చాలానే తప్పాయి. రాడ్డు, బేరింగు, కార్బొరేటర్ రాసుకోనివి. క్లచ్ ప్లేట్లు, బ్యాటరీ రాసుకున్నా అక్కర్లేకపోయాయి. మొత్తం మాత్రం 610 రూపాయల తేడాతో నిలబడింది. "బహుశా" గడిలో సున్నా వేసి, ఇంజిన్ సంగతి దేవుడెరుగు అనుకుని ఉంటే 5,290కే చెయ్యి ఊపి, 42 వేలైనా ఇచ్చేసేవాళ్లం. అన్నీ పూర్తి ధరకు వేసి ఉంటే ఈ మంచి బండిని వదిలేసేవాళ్లం. అనుమానానికి కూడా ధర కట్టొచ్చు, సగమో ఐదో వంతో. ఒక్కో వస్తువు దగ్గర అది తప్పినా, ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గి మొత్తం దగ్గర సర్దుకుంటుంది. పాత బండి కొనే ప్రతి తమ్ముడికీ నేను చెప్పే పద్ధతి ఇదే. ఒక్క షరతు ఉంది: చాసిస్ పగులు, నీలం పొగ, నంబరు తేడా, తేలని ఫైనాన్స్ ఉన్న బండిని ఈ సగం లెక్కల్లోకి తేవొద్దు.

ఇంకా మిగిలినవి

పేరు మార్పిడికి స్లాట్ బుక్ అయింది. కాగితాలకు వేసిన 2,350 అక్కడికి సరిపోయేలా ఉంది. అది కూడా కలిపితే బండి ఇంటికి చేరిన లెక్క 49,150. కొత్త చైన్ మొదట్లో సాగుతుంది కాబట్టి 500 కిలోమీటర్లకు ఒకసారి బిగువు చూసుకోవాలి, ట్యాపెట్ శబ్దం మళ్లీ వింటూ ఉండాలి. వెనక షాకప్‌లు జత 1,900 చెప్పారు. మిగిలిన 850 వాటి కోసం మామయ్య దగ్గరే ఉంచాం, తక్కువైంది బామ్మర్ది మొదటి జీతంలో వేస్తాడు.